నాన్న కోసం బీటిల్స్ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాశా: నా అనుభవం

మా నాన్న జాజ్ వాయించేవాడు. జాజ్ అంటే ఆ పేరున్న సంగీతం కాదు, మా వైపు ఆర్కెస్ట్రా పార్టీల్లో డ్రమ్ సెట్టునే జాజ్ అంటారు, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, పక్కన చిన్నవి, పైన తాళాలు, అన్నీ కలిపి జాజ్. పగలు రైల్వేలో డ్యూటీ, సాయంత్రం అయితే పార్టీ వాళ్ళ మెటాడోర్ వ్యాను కంచరపాలెం మెట్టు దగ్గర ఆగి హారన్ కొట్టేది, నాన్న లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకుని పరిగెత్తేవాడు. శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, పైడితల్లమ్మ పండగ, పెళ్ళిళ్ళు. బొబ్బిలి, పాలకొండ, నర్సీపట్నం ఎక్కడ పిలిస్తే అక్కడికి. తెల్లారి నాలుగింటికి ఇంటికి వచ్చి రెండు గంటలు పడుకుని మళ్ళీ డ్యూటీకి వెళ్ళడం నాకు చిన్నప్పట్నుంచీ గుర్తు.

ఇప్పుడు రిటైర్ అయ్యాడు. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో ఇంగ్లండ్లో లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ బ్యాండు వాళ్ళ మొదటి సినిమా పెట్టుకుని చూస్తున్నా, 'ఎ హార్డ్ డేస్ నైట్', 1964 ది. నాన్న వెనకాల నుంచుని చూస్తున్నాడని నాకు తెలీదు. నలుగురూ టీవీ థియేటర్లోంచి తప్పించుకుని వెనక మెట్ల మీంచి దబదబా దిగి ఒక ఖాళీ మైదానంలోకి పారిపోయి పిచ్చిగా గెంతుతుంటారే, ఆ పాట. నాన్న గట్టిగా నవ్వాడు. ఆ తర్వాత ఎవరో వచ్చి ఇది ప్రైవేటు స్థలం అంటాడు, మీ మైదానానికి దెబ్బ తగిలి ఉంటే సారీ అన్నట్టు వీళ్ళ వెక్కిరింతలు నడుస్తాయి, అప్పుడు "ఏటంటన్నారమ్మా ఆళ్ళు?" అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టేలోపు నాలుగు డైలాగులు దాటిపోయాయి. పాజ్ చేసి చెప్పా, చెప్తే నవ్వు రాలేదు. నవ్వు ఆ వేగంలో ఉంది, ఆపి వివరిస్తే పోతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టినా నాన్న అంత స్పీడుగా చదవలేడు, పైగా అది లివర్‌పూల్ మాట, నాకే సగం అర్థం కాదు.

అప్పుడే అనుకున్నా, దీనికి తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాసి ఉగాదికి వచ్చేసరికి నాన్నకి చూపిస్తానని. నాకు ఈ పని అస్సలు తెలీదు. రెండున్నర నెలలు పట్టింది, ఆఫీసు అయ్యాక రోజూ రాత్రి గంటన్నర, ఆదివారాలు పూర్తిగా. ఇంకెవరైనా తమ వాళ్ళ కోసం ఇలా చేద్దామనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ముందు సినిమా గురించి రెండు ముక్కలు. కథ అంటూ పెద్దగా లేదు. నలుగురు కుర్రాళ్ళు, జాన్, పాల్, జార్జ్, డ్రమ్స్ వాయించే రింగో, ప్రపంచంలో అప్పటికి వాళ్ళకంటే పేరున్న బ్యాండు లేదు, రైల్లో లండన్ వెళ్తారు, హోటల్ గది, ప్రెస్ వాళ్ళు, టీవీ రిహార్సల్, చివరికి ప్రోగ్రాము, అక్కణ్ణుంచి హెలికాప్టర్. ఒకటిన్నర రోజు. అంతటా వెనకాల జనం తరుముతుంటారు. వీళ్ళతో పాటు పాల్ వాళ్ళ తాత అని ఒక ముసలాయన వస్తాడు, వెళ్ళిన చోటల్లా ఒక తంటా పెడతాడు. దర్శకుడు రిచర్డ్ లెస్టర్, లండన్లో ఉండే అమెరికన్. షూటింగ్ 1964 మార్చి 2న ప్యాడింగ్టన్ స్టేషన్లో మొదలైంది, జూలై 6కి లండన్లో ప్రీమియర్ పడిపోయింది. అంటే నాలుగు నెలలు! నిర్మాణం వెనక ఉన్న యునైటెడ్ ఆర్టిస్ట్స్ కంపెనీ వాళ్ళకి ఈ పిల్లల క్రేజు ఎన్నాళ్ళుంటుందో నమ్మకం లేదు, పాటల రికార్డు అమ్ముకోవడమే వాళ్ళకి ముఖ్యం, అందుకే బ్లాక్ అండ్ వైట్‌లో తక్కువ ఖర్చుతో తీశారు. ఆ హడావుడే సినిమాకి ప్రాణం అయ్యింది అని నా అభిప్రాయం. మొదట్లో సన్నటి వీధిలో జనం తరుముతుంటే పరిగెడుతూ జార్జ్ ముందుకి పడిపోతాడు, అతని మీద రింగో పడతాడు, ముందున్న జాన్ వెనక్కి చూసి నవ్వుతాడు. అది నిజంగానే పడిపోయిందే, తీసెయ్యకుండా ఉంచేశారు.

ఇక పని. సబ్‌టైటిల్ ఫైల్ అంటే మామూలు నోట్‌ప్యాడ్ ఫైలే, ఎస్ఆర్‌టి అంటారు. ఒక నంబరు, దాని కింద ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కనపడాలో టైము, దాని కింద మాట, ఒక ఖాళీ లైను, మళ్ళీ తర్వాతి నంబరు. టైములు మొదట్నుంచీ నేనే పెట్టుకోవాలంటే ఏడాది పట్టేది, ఇంగ్లీష్ ఫైలు ఒకటి దొరికితే దాని టైములే ఉంచుకుని మాట మార్చుకుంటూ పోదాం అనుకున్నా. సబ్‌టైటిల్ ఎడిట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఎడమ పక్క లైన్లు, కుడి పక్క వీడియో, కింద శబ్దం గీతల్లా కనిపిస్తుంది, నాకు అదే సరిపోయింది.

మొదటి వారం మొత్తం ఒకే సమస్యతో పోయింది. నా దగ్గరున్నది మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండ్ నుంచి తెచ్చిన డీవీడీ. ఫైలు పెడితే మొదట్లో బాగానే ఉంటుంది, పది నిమిషాలకి మాట ముందొచ్చేసి అక్షరాలు వెనకపడుతున్నాయి, అరగంటకి అసలు సంబంధమే లేదు. సెకన్లు ముందుకి జరుపుతా, అక్కడ సరిపోతుంది, తర్వాత మళ్ళీ తప్పుతుంది. చాలా రోజులకి తెలిసింది ఏంటంటే సినిమా సెకనుకి 24 ఫ్రేములు, ఇంగ్లండ్ డీవీడీలు సెకనుకి 25. అందుకని 87 నిమిషాల సినిమా నా డిస్కులో 83న్నర నిమిషాలకే అయిపోతుంది, అంటే చివరికి మూడు నిమిషాల పైన తేడా. జరిపితే సరిపోదు, మొత్తం టైముల్ని ఆ నిష్పత్తిలో కుదించాలి. సాఫ్ట్‌వేర్లో ఫ్రేమ్ రేట్ మార్చే ఆప్షన్ ఉంది, 24 నుంచి 25 కి అని చెప్తే ఒక్క నిమిషంలో అయిపోయింది. మీరు చేసేటప్పుడు ముందు సినిమా చివరి డైలాగు దగ్గర చెక్ చేసుకోండి, మొదట్లో కాదు.

రెండో సంగతి తెలుగు అక్షరాలు. ఫైలుని యూటీఎఫ్-8 లో సేవ్ చెయ్యాలి, లేకపోతే అన్నీ ప్రశ్నార్థకాలు వస్తాయి, ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది ఏంటంటే గ్రీన్‌లాండ్ లాంటి మాట టైప్ చేసినప్పుడు నకార పొల్లు తర్వాత ఒత్తు పడకుండా కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెట్టి మా టీవీలో చూస్తే అది ఉన్న ప్రతిచోటా ఒక చిన్న డబ్బా కనపడింది, ఒత్తులు కూడా విడిపోయి పక్కన పడ్డాయి. చివరికి టీవీ మీద ఆధారపడకుండా ల్యాప్‌టాప్‌నే కేబుల్‌తో టీవీకి కలిపేశా. ఇంకోటి, మనకి కింద ఒత్తులూ పైన గుడులూ ఉంటాయి కదా, రెండు లైన్లు పెడితే పై లైను ఒత్తు వెళ్ళి కింది లైను గుడికి తగులుతుంది, నాన్న వయసు వాళ్ళకి చదవడం కష్టం. లైన్ల మధ్య ఎడం పెంచా, వీలైనంత వరకు ఒకే లైనులో ముగించా. నోటో సాన్స్ తెలుగు ఫాంటు దూరం నుంచి కూడా బాగా కనపడింది.

ఒకే లైనులో ముగించడం అంటే చెప్పినంత తేలిక కాదండి. వెయ్యికి పైన లైన్లు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళు చాలామంది లైనుకి 42 అక్షరాలు అని పెట్టుకుంటారట, నేను నాన్న వేగానికి తగ్గట్టు ఇంకా తగ్గించుకున్నా. మొదట్లో అన్నీ పూర్తి వాక్యాలుగా రాశా, "నేను అక్కడికి వెళ్ళాను" అని. అక్కర్లేదు, "వెళ్ళాను" చాలు, మన క్రియలోనే మనిషి ఉంటాడు. అది అర్థమయ్యాక పని సగం అయ్యింది. ఈ విషయంలో తెలుగు ఇచ్చే సౌకర్యం ఇంగ్లీష్‌కి లేదు.

అసలు ఆలోచన పట్టింది యాస దగ్గర. ఈ సినిమా రాసిన ఆలన్ ఓవెన్ లివర్‌పూల్లో పెరిగినవాడు, ఆ మాట తీరు అతనికి బాగా తెలుసు, అందుకే బీటిల్స్ అతనైతే బాగుంటుంది అనుకున్నారు. లివర్‌పూల్ ఓడరేవు ఊరు, పనిచేసుకునే జనం, దేశానికి ఉత్తరాన, లండన్ వాళ్ళు ఆ మాట వింటే కొంచెం తక్కువగా చూసేవాళ్ళు. నలుగురూ సినిమాలో ఎక్కడా ఆ యాస మార్చుకోరు. అమెరికాలో విడుదల చేసేముందు గొంతులు మార్చి డబ్బింగ్ చెప్పిద్దామన్న మాట వచ్చిందట, పాల్ ఒప్పుకోలేదట. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మాది విశాఖ. ఓడరేవు ఊరు. ఉత్తరాన ఉన్న జిల్లాలు. మన తెలుగు సినిమాల్లో మా యాస ఎవరికి పెడతారో మనందరికీ తెలుసు, పనిమనిషికి, వాచ్‌మన్‌కి, లేకపోతే నవ్వించడానికి. హీరో ఎక్కువగా కృష్ణా గుంటూరు మాటే మాట్లాడతాడు. కాబట్టి నేను నిర్ణయించుకున్నా, ఈ నలుగురూ మా మాటే మాట్లాడతారు. "ఏటి", "అలగే", "ఎల్లిపోదాం". లండన్ టీవీ డైరెక్టరు, ప్రెస్ వాళ్ళు, యాడ్ కంపెనీ పెద్దమనిషి, వీళ్ళందరూ న్యూస్ చదివినట్టు "దయచేసి", "అలాగేనండీ" అని పుస్తకం తెలుగు మాట్లాడతారు. మొదటి పది లైన్లు అలా రాసి చూసుకుంటే ఆ కుర్రాళ్ళు మా వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళలా కనిపించారు, చాలా సంతోషం వేసింది.

తర్వాత నువ్వా మీరా. ఇంగ్లీష్‌లో అందరికీ ఒకటే మాట, మనకి ప్రతి లైను దగ్గరా తేల్చుకోవాలి. మేనేజరు నార్మ్ వీళ్ళని "రా" అంటాడు, వీళ్ళు అతన్ని "నువ్వు" అంటారు, అది తేలికే. తాతని మనవడు "నువ్వు" అంటాడు, మా ఇంట్లో నాన్నని మేం నువ్వనే అంటాం, మా వైపు అంతే. కానీ ఒక సీను ఉంది, థియేటర్ వరండాలో ఒకామె జాన్‌కి ఎదురై మీరు అచ్చం ఆయనలాగే ఉన్నారు అంటుంది, ఎవరిలాగో ఆ సీన్లో ఎక్కడా చెప్పరు, జాన్ కాదంటాడు, ఆమె అవునంటుంది, చివరికి ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసి అబ్బే ఏం పోలిక లేదు అని వెళ్ళిపోతుంది. ఇక్కడ నేను ఆమె మాటని "మీరు"తో మొదలుపెట్టి, మధ్యలో సరసం ముదిరేకొద్దీ "నువ్వు"కి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకోగానే మళ్ళీ "మీరు"కి మార్చా. ఇంగ్లీష్‌లో ఈ మెలిక లేదు. వెయ్యి లైన్లలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే.

జోకుల విషయానికొస్తే కొన్ని వాటంతటవే వచ్చేశాయి. రైల్లో ముసలాయన్ని చూసి ఎవరీయన అంటారు, మా తాత అంటాడు పాల్, మీ తాత మీ ఇంట్లో ఉంటాడు కదా చూశాను కదా అంటే, ఎవరికైనా ఇద్దరు తాతలు ఉంటారు కదా ఈయన రెండో ఆయన అంటాడు పాల్. మనకి అమ్మ వాళ్ళ నాన్న అయినా నాన్న వాళ్ళ నాన్న అయినా తాతే కదా, మాట మార్చే పనే లేకుండా దిగిపోయింది.

కొన్ని అస్సలు లొంగలేదు. ఆ తాతని చూసిన ప్రతివాళ్ళూ ఎంత శుభ్రంగా ఉన్నాడో అంటారు సినిమా అంతా. కారణం ఏంటంటే ఆ వేషం వేసిన విల్‌ఫ్రిడ్ బ్రాంబెల్ అప్పటికే బీబీసీలో స్టెప్టో అండ్ సన్ అనే సీరియల్లో పాతసామాను కొనేవాడి వేషంలో ఇంటింటా తెలుసు, అందులో కొడుకు ఆయన్ని ఛీ మురికి ముసలాడా అని తిడుతుంటాడు. ఇంగ్లండ్ జనానికి అది వెంటనే తగులుతుంది, మనకి తగలదు. బ్రాకెట్లో వివరణ పెడదామా అని చాలా ఆలోచించా, రెండు సెకన్లలో మాయమైపోయే లైనుకి వివరణ ఏం పెడతాం? "ఎంత సుబ్బరంగున్నాడో" అని ఉన్నదున్నట్టు వదిలేశా. అన్నట్టు ఆ తాత వేషం వేసినాయనకి షూటింగ్ మధ్యలో 52 నిండాయి, అంతే! మా నాన్నకి 66.

ప్రెస్ వాళ్ళ పార్టీ సీను ఒక్కదానికే రెండు ఆదివారాలు పట్టింది. అమెరికా మీకు ఎలా అనిపించింది అని అడగడానికి ఇంగ్లీష్‌లో వాడిన మాటకి ఎలా కనుక్కున్నారు అని కూడా అర్థం ఉంది, జాన్ రెండో అర్థం పట్టుకుని గ్రీన్‌లాండ్ దగ్గర ఎడమకి తిరిగాం అంటాడు. "ఎలా ఉంది" అని రాస్తే జోకు చచ్చిపోతుంది. ఆఫీసు బస్సులో కూర్చుని ఉండగా తట్టింది, "అమెరికా మీకు ఎలా కనిపించింది?" "గ్రీన్‌లాండ్ కాడ ఎడమకి తిరిగితే కనిపించింది." బస్సులోనే ఫోన్లో రాసుకున్నా. రింగోని మీరు మాడ్‌లా రాకర్‌లా అని అడుగుతారు, అప్పట్లో ఇంగ్లండ్ కుర్రాళ్ళలో రెండు గుంపులు, సూట్లు స్కూటర్ల వాళ్ళు మాడ్‌లు, తోలు జాకెట్లు బైకుల వాళ్ళు రాకర్‌లు, ఆ ఏడాదే సముద్రపు ఒడ్డు ఊళ్ళలో కొట్టుకున్నారు కూడా. రింగో రెండు మాటలూ కలిపేసి మాకర్ అంటాడు, అంటే వెక్కిరించేవాణ్ణి అని. దీనికి నేను "మీరు మాసా, క్లాసా?" "మా క్లాస్." అని పెట్టా. మాస్, క్లాస్ కలిపితే మా క్లాస్, మాదంతా మాదే అన్న అర్థం కూడా వస్తుంది. 1964 లండన్లో మాస్ క్లాస్ ఏంటి అని మా చెల్లి అంది, ఆలోచిస్తే తను అన్నదీ నిజమే, కానీ ఇక్కడ నవ్వు రావడమే ముఖ్యం అని ఉంచేశా.

అదే సీన్లో జార్జ్‌ని మీ ఈ జుట్టుని ఏమని పిలుస్తారు అంటే ఆర్థర్ అంటాడు. నేను "అప్పారావు" అని రాసి చాలా మురిసిపోయా, మా వైపు ఇంటికొక అప్పారావు ఉంటాడు మరి. రెండు రోజులకి తీసేశా. ఎందుకంటే సబ్‌టైటిల్ చదివేవాళ్ళ చెవులు తెరిచే ఉంటాయి, ఆర్థర్ అని స్పష్టంగా వినిపిస్తూ అప్పారావు అని కనిపిస్తే నమ్మకం పోతుంది, ఆ తర్వాత మిగతా లైన్లని కూడా అనుమానంగానే చూస్తారు. పేర్లు మార్చకూడదు అని అప్పుడు నియమం పెట్టుకున్నా.

ఇంకో మాట, యాడ్ కంపెనీ సీన్లో జార్జ్ చొక్కాలని చూసి గ్రాటీ అంటాడు, ఆ పెద్దమనిషికి అర్థం కాదు, గ్రొటెస్క్ అన్నమాటని కుర్రాళ్ళు అలా కుదించారన్నమాట, ఆయన వెంటనే సెక్రటరీతో రాసుకోమంటాడు కొత్త మాట దొరికిందని. ఉన్న తిట్టు వాడితే కుదరదు, వినేవాడికి కొత్తగా ఉండాలి, విడమరిస్తే అర్థం కావాలి. "ఉత్త అసయ్." "అసయ్యా?" "అదే, అసహ్యం." అని రాశా.

పాటలకి సబ్‌టైటిల్స్ పెట్టలేదు. సంగీతం మీద అక్షరాలు పడితే నాన్న చదువుతూ కూర్చుంటాడు, రింగో చేతులు చూడడు. నాన్న చూడాల్సింది ఆ చేతులు.

ఇలా లైను లైనూ వందసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తుంటే మామూలుగా కనపడనివి కనపడతాయి. ఆ మైదానం పాటలో కొన్ని ముక్కల్లో జాన్ ఉండడు. ఆ రోజు అతను తన పుస్తకానికి ఇస్తున్న విందుకి వెళ్ళాల్సి వచ్చింది, ఉన్న ముగ్గురితోనే లాగించేశారు. సినిమా అంతా పరిగెట్టడం గురించి, తీసినవాళ్ళు కూడా పరిగెడుతూనే తీశారు.

కానీ పని చేస్తున్నంతసేపూ నన్ను పట్టుకుని వదలని లైను ఒకటి. తాత విసుక్కుంటాడు, కాస్త ఊరు మారితే బాగుంటుందని వస్తే ఇప్పటిదాకా చూసింది ఒక రైలు ఒక గది, ఒక కారు ఒక గది, ఒక గది ఇంకో గది అని. రాయడానికి ముందు ఓవెన్ 1963 నవంబర్లో డబ్లిన్ వెళ్ళి బీటిల్స్ వెంట తిరిగి వాళ్ళ బతుకు ఎలా ఉందో చూశాడు. చూసింది ఇదే. హోటల్లోంచి బయటికి రాలేరు, కారెక్కితే జనం, దిగితే జనం. పైకి కామెడీ సినిమా, అడుగున మొత్తం ఇదే ఉంది. నేను "రైలు, గది. కారు, గది. గది, గది." అని పెట్టా, ఇంకేం కలపలేదు.

ఉగాది మర్నాడు రాత్రి వేశాం. నాన్న, అమ్మ, చెల్లి, కింద వాటాలో ఉండే నాన్న పాత కీబోర్డు బాబాయి, ఆయన్ని నాన్నే పిలిచాడు. మొదటి నవ్వు నేను అనుకోని చోట వచ్చింది. రైలు పెట్టెలో వీళ్ళ ఎదురుగా ఒక టోపీ పెద్దమనిషి కూర్చుని కిటికీ మూసేస్తాడు, వాళ్ళ రేడియో కట్టేస్తాడు, నేను ఈ రైల్లో వారానికి రెండుసార్లు రెగ్యులర్‌గా వెళ్తాను అంటాడు. నాన్న, బాబాయి ఒకేసారి "సీజన్ టిక్కెట్టోడు!" అని అరిచి పగలబడి నవ్వారు. రైల్వే వాళ్ళకి ఆ మనిషి బాగా తెలుసు మరి. మీలాంటివాళ్ళ కోసం యుద్ధం చేశాను అంటాడాయన, గెలిచినందుకు బాధపడతన్నారా అంటాడు రింగో, దానికి కూడా నవ్వారు కానీ సీజన్ టిక్కెట్టంత కాదు. తాత శుభ్రం జోకు మూడోసారి వచ్చేసరికి అమ్మ నవ్వడం మొదలుపెట్టింది, నాలుగోసారికి తనే ముందే అనేస్తోంది. వివరణ పెట్టకపోవడం మంచిదైంది. "మా క్లాస్"కి బాబాయి చప్పట్లు కొట్టాడు. రైలు, గది లైను దగ్గర ఎవరూ నవ్వలేదు. బాబాయి మాత్రం "ఒరే, పాలకొండ గుర్తుందా" అన్నాడు, నాన్న తలూపాడు, ఏం గుర్తుందో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

తర్వాత రింగో సీను. తాత ఎక్కిస్తాడు, పుస్తకం పట్టుకుని కూర్చున్నావేంటి, బయటికెళ్ళి బతుకు, వీళ్ళు నిన్ను ఆడిస్తున్నారు అని. చివరి రిహార్సల్ ముందు రింగో కెమెరా మెడలో వేసుకుని ఒక్కడే వెళ్ళిపోతాడు. పాత కోటు కొనుక్కుంటాడు ఎవరూ గుర్తుపట్టకుండా, నది ఒడ్డున తిరుగుతాడు, అక్కడ బడి ఎగ్గొట్టిన ఒక పిల్లాడు కలుస్తాడు, పబ్బులో ఎండిపోయిన శాండ్‌విచ్ పెడతారు. మాటలు చాలా తక్కువ. రింగో ముందు రాత్రంతా క్లబ్బులో ఉండి నిద్ర లేకుండా షూటింగుకి వచ్చాడట, డైలాగులు చెప్పే స్థితిలో లేడు, అందుకే ఎక్కువగా నడిపించి తీశారట. నేను చెప్తే నాన్న "మొకం సూస్తే తెలీదేటి" అన్నాడు. ఆ పదినిమిషాలూ నాన్న కాళ్ళు కిందకి దించి ముందుకి వంగి చూశాడు. గుంపులో వెనకాల కూర్చునేవాడు జాజ్ వాడే, దండలు పాడేవాళ్ళకే పడతాయి, ఇది నాన్న ఎప్పుడూ నోటితో అన్న మాట కాదు, నేను చిన్నప్పుడు పందిరి పక్కన నిలబడి చూసింది.

సినిమా అయిపోయింది, హెలికాప్టర్ ఎగిరిపోయింది, అందరూ బాగుంది బాగుంది అన్నారు, నాన్న ఏం చెప్పకుండా పడుకున్నాడు. నాకు కొంచెం దిగులేసింది.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మలూ, ఒక్క సోట తప్పు రాసినావు" అన్నాడు. ఎక్కడ నాన్నా అంటే, రిహార్సల్లో టీవీ స్టూడియో అతను ఒకడు వచ్చి రింగో డ్రమ్స్ తాకబోతాడు, రింగో ఒప్పుకోడు, ఒక్కసారి ముట్టుకుంటే ఏమైంది అంటాడతను, ఊపిరి తగిలినా నేను సమ్మె చేస్తా అంటాడు రింగో. అక్కడ. నేను "ఆ డ్రమ్స్ ముట్టుకోకండి" అని రాశా.

"అలగ అనడమ్మా జాజ్ వోడు," అన్నాడు నాన్న. "మరి ఏమంటాడు నాన్నా?" అన్నా. గ్లాసు కింద పెట్టి నిజంగానే ఎదురుగా ఎవడో నిలబడ్డట్టు చెయ్యి చాపి చెప్పాడు. "జాజ్ మీద సెయ్యెట్టకు."

ల్యాప్‌టాప్ తెరిచి ఆ లైను వెతికి, పాతది తీసేసి, నాన్న చెప్పినట్టే టైప్ చేసి సేవ్ చేశా. మళ్ళీ టీవీకి కేబుల్ పెట్టి పది సెకన్లు వెనక్కి తిప్పి వేశా. రింగో నోరు తెరిచేసరికి నాన్న ఆ లైను పైకి చదివి, కాఫీ గ్లాసు తీసుకుని, "ఊఁ, ఇంకోపాలి ఎయ్యి" అన్నాడు.